ఏడో నంబరు సినిమాలో మూడో కథ

మే 6, మంగళవారం

తొమ్మిది సినిమాల్లో ఆరు అయిపోయాయి. కళ్ళు మండుతున్నాయి. ఆరింటిలో నాలుగింటికి హీరో వానలో తడిశాడు. పాలమూరులో అంత వాన ఎప్పుడు పడిందో నాకైతే తెలియదు.

ఒప్పుకున్నప్పుడు సరదాగానే ఉండింది. విఠల్ సార్ రిటైరైన హెడ్మాస్టరు. ఇంట్లో ఊరికే కూర్చోలేక ఫిల్మ్ క్లబ్బు పెట్టి, మన జిల్లాల పిల్లలు తీసిన సినిమాలకు పోటీ అన్నాడు. జడ్జీలం ముగ్గురం. ఆయన, పెళ్ళి వీడియోలు తీసే అన్వర్ భాయ్, నేను. "ఒక ఆడమనిషి ఉంటె మంచిగుంటది శోభమ్మా" అన్నాడు. ఆడమనిషినని పిలిచావా సార్, తెలుగు లెక్చరరునని అనుకున్నానే — అంటే నవ్వి ఊరుకున్నాడు.

నటన, దర్శకత్వం, రచన. మూడింటికీ విడివిడిగా మార్కులు వేయాలి. తీసినవాళ్ళెవరో తెలియకుండా పేర్లన్నీ కోసేసి ఇచ్చారు. సినిమాకు నంబరే పేరు.

మే 8

ఏడో నంబరు. ఒకే సినిమాలో నాలుగు కథలు. ఇలాంటివంటే నాకు ముందే అనుమానం — ఒక కథ బాగుంటే మిగతా మూడూ దాని చంకెక్కి కూర్చుంటాయి.

మొదటిది. మక్తల్ బస్సులో కండక్టరమ్మ. ఒక ముసలాయన రోజూ ఎక్కుతాడు, చివరి స్టాపులో దిగడు, అదే బస్సులో తిరిగొస్తాడు. ఆ పిల్ల టికెట్టు కొట్టే తీరు, చిల్లర లేదని కసురుకునే తీరు — అబ్బ, నిజంగా కండక్టరేమో అనుకున్నాను. దర్శకత్వం కూడా నిలకడగా ఉంది. చివర్లో మాత్రం ముసలాయనతో ఉపన్యాసం ఇప్పించారు. అంతసేపూ చూపించినదాన్ని మళ్ళీ చెప్పడమెందుకు? పాఠం అయ్యాక "అర్థమైందా" అని అడిగే బుద్ధి. నాకూ ఉంది ఆ రోగం.

రెండోది. కొల్లాపూర్‌లో తండ్రి దర్జీ దుకాణం పంచుకునే అన్నదమ్ములు. రాత బాగుంది. కత్తెర ఎవరికి పోవాలన్న దగ్గర తగువు ఆగిపోవడం బాగుంది. పెద్దవాడి నటన మాత్రం... ఏడుపు రాక ముక్కు ఎగబీలుస్తాడు. జలుబు చేసిందనుకున్నాను.

మన గాలి పీల్చినవాడే తీశాడు దీన్ని. మూడోది రేపు.

మే 9, శుక్రవారం

మూడో కథ. సగంలో ఆపేశాను.

అమ్మ గొంతు.

అదే రోజు, సాయంత్రం

సరిగా రాసి పెట్టుకోవాలి. లేకపోతే నాకే పిచ్చి పట్టిందనుకుంటాను.

వాకిట్లో శవం. ముఖం చూపించలేదు, తెల్లబట్ట కింద కాళ్ళు మాత్రమే. తల దగ్గర తల్లి, కొడుకు మీద పడి శోకం పెడుతోంది. మూలన గోడకానుకుని కోడలు, మాటాపలుకూ లేకుండా. తల్లి వేషం వేసినావిడ ఎవరో నాకు తెలియదు. గుండ్రటి ముఖం, ముక్కుపుడక. ఆవిడ నోరు తెరిచింది. వచ్చింది మా అమ్మ గొంతు.

"మోటరు కాడికి పోతనంటివి కొడుకా... తెల్లారి పోరాదా కొడుకా... చెప్పులు గడప కాడ్నే ఉండె కొడుకా... ఉత్త కాళ్లతోని పోతివా నా కొడుకా..."

ఒక్కో వరుస చివర ఊపిరి లాగుతుంది. ఆ లాగడంలో సన్నగా ఈల. అమ్మకు దమ్ము, ఆయాసం జబ్బు ఉండేది. చిన్నప్పుడు ఆమె పక్కలో పడుకుని ఆ ఈల వింటూ నిద్రపోయేదాన్ని. ఈల ఆగితే మెలకువ వచ్చేది.

అమ్మ పోయి నాలుగేళ్ళు. ఫోటోలున్నాయి. గొంతు మాత్రం మా దగ్గర ఎక్కడా లేదు. రోజూ ఫోన్ చేసేది, "కూరేం వండినవే" అని. అది రికార్డు చేసి పెట్టుకోవాలని ఎవరికి తోస్తుంది?

మా ఆయన తలుపు దగ్గరికొచ్చి చూశాడు. "ఏందే, గట్ల గుడ్లు తేలేసి కూసున్నవ్?"

"సినిమా చూస్తున్న."

"దయ్యాలదా?"

కాదన్నాను. ఏమో మరి.

మే 10

పొద్దున్నే లేచి నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మా వైపు శోకం అందరిదీ ఒకటే రాగం. దమ్ము ఊళ్ళో సగం మంది ముసలివాళ్ళకు ఉంది. మరి చెప్పుల మాటో?

అన్న పోయింది తెలంగాణ వచ్చిన ఏడాది, వానకాలంలో. అప్పట్లో పొలాలకు కరెంటు రాత్రిపూట వచ్చేది. మోటరు వేయడానికి పోయాడు. తడి నేల, ఉత్త కాళ్ళు. చెప్పులు గడప దగ్గరే ఉండిపోయాయి. ఆ మాట వాకిట్లో ఉన్నవాళ్ళకే తెలుసు, ఎందుకంటే అమ్మ దాన్నే తిప్పి తిప్పి ఏడ్చింది. ఇంకో మాట కూడా. "పో పో అని తోలిచ్చె కొడుకా... తలుపేసుకొని పండె కొడుకా..."

పేరు చెప్పలేదు. చెప్పే అవసరం లేదు. అది బాలమణి వదిన మీద.

మా వైపు అంతే. ఎదురుగా నిలబడి అనలేని మాట శవం మీద పడి అంటారు. అనిపించుకున్న మనిషి నోరు తెరవకూడదు. శోకానికి జవాబు చెప్పడమంటే చచ్చినవాడిని కొట్టినట్టే లెక్క. వదిన చెప్పలేదు. దినాలు కాగానే ఆమె అన్నదమ్ములు వచ్చి, ఆమెను, పదో తరగతి చదువుతున్న కొడుకు మూర్తిని కొల్లాపూర్ తీసుకుపోయారు. అమ్మ పొమ్మనలేదు, ఉండుమనలేదు. ఆ తర్వాత మాటల్లేవు, రాకపోకల్లేవు. అమ్మ పోయినప్పుడూ వాళ్ళు రాలేదు.

మరి ఈ గొంతు ఏడో నంబరు సినిమాలోకి ఎట్లా వచ్చింది?

మే 11, ఆదివారం

జడ్జి లెక్కన చూద్దామని మూడో కథ మళ్ళీ పెట్టాను. అబద్ధం. గొంతు కోసం పెట్టాను. సరే, చూసింది రాయాలి కదా —

నటన. తల్లి గురించి ఏం రాయాలో తెలియడం లేదు. కోడలు మాత్రం... ఊరికే కూర్చోవడం ఇంత బాగా ఎవరూ చేయగా చూడలేదు. కొంగు అంచు వేలికి చుట్టుకుంటుంది, విప్పుతుంది, మళ్ళీ చుట్టుకుంటుంది. "తోలిచ్చె కొడుకా" అన్నప్పుడు ఆ వేలు ఆగిపోతుంది. అంతే. కంట్లో చుక్క లేదు. 

దర్శకత్వం. ఏడ్చే మనిషిని ఒక్కసారి చూపించి వదిలేశాడు. కెమెరాను వినే మనిషి దగ్గరే కూర్చోబెట్టాడు. తీసినవాడు గట్టివాడే. అయితే ఒక తప్పు, మన దగ్గర పసిపిల్లను అడిగినా చెప్పేది. వెనకాల మూలన పొయ్యి మీద చాయ్ మరుగుతోంది! చావు ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారు? చాయ్ పక్కింటి నుంచి కేతిలిలో రావాలి. మా ఇంటికి ఆ రోజు మహబూబ్ బీ తెచ్చింది.

రచన. ఇక్కడ నాకు ఒప్పలేదు. ఆ తల్లి ఆగదు. మొదలుపెట్టిన దగ్గర్నుంచి తిడుతూనే ఏడుస్తుంది. మన ఆడవాళ్ళు అట్లా ఏడవరు. మధ్యలో టక్కున ఆగి, "బర్రెకు గడ్డేసిన్రా" అంటారు. "ఎవలో వచ్చినట్టున్నరు, నీళ్ళియ్యుండ్రి" అంటారు. మళ్ళీ అందుకుంటారు. ఆ ఆగడం లేకపోతే అది శోకం కాదు, రేడియో నాటకం. రచనకు మార్కులు తగ్గించాను.

తగ్గించి, మళ్ళీ మొదటి నుంచి పెట్టాను.

మే 13

అన్వర్ భాయ్ స్టూడియోకు పోయాను. పెద్ద స్పీకర్లలో విందామని. కారణం చెప్పలేదు.

ఆయన రెండు నిమిషాలు చూసి తల అడ్డంగా ఊపాడు. "మేడమ్, గీ ముసలామె పెదవులు మాటతోని కలుస్తలేవ్. గొంతు గీమెది కాదు. స్టూడియోల చెప్పిన డబ్బింగ్ గూడ కాదు. ఇనుండ్రి, ఎనక కాకులు... ఇది నిజంగ వాకిట్ల పట్టిన ఆవాజ్."

"పాతదా?"

"సస్తా డబ్బా ఫోన్ల పట్టినట్టుంది. గని ఏం ఏడుపు మేడమ్! నాకే మా అమ్మీ యాదికొచ్చింది."

కళ్ళు తుడుచుకున్నాడు. నేను కిటికీ వైపు చూస్తూ నిలబడ్డాను. మా అమ్మే భాయ్ అని నోటిదాకా వచ్చింది.

మే 14

మళ్ళీ చూశాను. ఎన్నోసారో రాయను.

మే 16

ముగ్గురం కూర్చున్నాం, విఠల్ సార్ ఇంట్లో. ఏడో నంబరు దగ్గరికి రాగానే సార్‌కు పూనకం వచ్చినట్టయింది. "ఉత్తమ నటి ఇంకెవలమ్మా, గా తల్లే! గంత ఏడుపు నేను నాటకాలల్ల ముప్పై ఏండ్లు తిరిగిన, ఇనలే!"

అన్వర్ భాయ్ పెదవుల సంగతి చెప్పాడు. సార్ ఒప్పుకోలేదు. డబ్బింగ్ లేని సినిమా ఏదయ్యా అన్నాడు. నేను కోడలి పేరెత్తాను. "ఆమె ఏం జేసిందమ్మా, కూసున్నది" అన్నాడు సార్. కూసున్నది సార్, మీరు కూసొని చూపియ్యండి అన్నాను. కొంచెం గట్టిగానే అన్నట్టున్నాను. ఇద్దరూ నా ముఖం చూశారు.

ఇక దాచలేకపోయాను. "సార్, ఆ గొంతు మా అమ్మది."

 సార్ భార్య మజ్జిగ తెచ్చి, ముఖాలు చూసి, అక్కడ పెట్టి పోయింది. తర్వాత సార్ లేచి బీరువాలో కవరు తీశాడు. పేరు చూసి, నంబరు కాగితం మీద రాసిచ్చాడు. "నువ్వు ఏడో నంబరుకు మార్కులు వెయ్యకు. మిగతాది నీ ఇష్టం శోభమ్మా."

ఏదో స్క్రీన్ పేరు. బ్రాకెట్లో అసలు పేరు. కురుమూర్తి, కొల్లాపూర్. మా మూర్తి.

మే 17

ఫోన్ చేయలేదు. నాలుగో కథ చూశాను. మార్కులు వేసేది లేకపోయినా మొదలుపెట్టింది పూర్తి చేయాలిగా.

అమ్రాబాద్ అడవిలో వాచరు, రాని పులి కోసం కాపలా. నటుడు పెద్ద పులినే మింగినట్టు ముఖం పెట్టాడు. అడవి బాగుంది, కథ లేదు. నా అనుమానమే నిజం. ఒక కథ మిగతా మూడింటినీ మోస్తోంది, ఆ ఒక్క కథను మా అమ్మ మోస్తోంది.

మే 18

చేశాను. "ఎవలు?" అన్నాడు. అచ్చం మా అన్న గొంతే. 

"శోభత్తను రా. నీ సినిమా చూసిన జడ్జిని."

 మెల్లగా, "అత్తా... నువ్వు జడ్జివని నాకు తెల్వదు. తెలిస్తె పంపకపోతుంటి."

నాకు కోపం పొంగుకొచ్చింది. "అవ్వ గొంతు అమ్ముకుంటున్నవారా?"

"అమ్ముకునుడు గాదత్తా. ముగ్గురితోని డబ్బింగ్ చెప్పిచ్చిన. ఒక్కలకు రాలే. అవ్వ లెక్క ఎవలేడుస్తరు?"

 నిజమే, ఎవరేడుస్తారు?

మే 20, మంగళవారం

మూర్తి వచ్చాడు. గడ్డం పెంచాడు. గుమ్మంలో చెప్పులు విడిచి, వంగి నా కాళ్ళు ముట్టబోతే ఆపాను. ఆపాక పట్టుకుని ఏడ్చాను. ఈయన మర్యాదగా బజారుకు పోయాడు.

పొయ్యి సంగతి ముందు అడిగాను, ఏం మాట్లాడాలో తెలియక. వాడు నాలుక కరుచుకున్నాడు. "అది తప్పేనత్తా. యూనిటోళ్లకు చాయ్ పెట్టిన పొయ్యి. ఫ్రేములకొచ్చింది. ఎడిటింగ్‌ల చూసుకున్న గని మళ్ళ తీసేటందుకు పైసల్లేవ్." ఇద్దరం నవ్వాం. ఏడుపు ముఖాలతోనే.

అన్న పోయిన రోజు వాళ్ళ బాపు ఫోన్ వీడి జేబులో ఉందట. "బాపు గొంతు ఏడన్న ఉంటదేమో అని ఎతుకుతున్న. ఏందో ఒత్తిన. రికార్డు మొదలైంది. ఆపలే."

"దొరికిందా బాపు గొంతు?"

"లే. అవ్వది దొరికింది."

కోడలు కొంగు వేలికి చుట్టుకోవడం ఎవరు నేర్పారంటే, తల వంచుకున్నాడు. "అమ్మ గట్లనే కూసున్నది. నేను ఎదురుంగనే ఉన్న."

నాకు ఆ రోజు వదిన ముఖం గుర్తులేదు. నా కళ్ళన్నీ అన్న మీదే.

అసలు రికార్డు మొత్తం వింటావా అన్నాడు. ల్యాప్‌టాప్‌లో పెట్టాడు. సినిమాలో లేని ముక్క ఒకటి వచ్చింది. "తలుపేసుకొని పండె కొడుకా..." — ఊపిరి, ఈల. ఆగింది. తర్వాత మామూలు గొంతు. కూరేం వండినవే అనే గొంతు.

"శోభా... దానికి జర చాయ్ పొయ్యే. పొద్దటి సంది ఏం తినలే అది."

నా పేరు. పదేళ్ళ కింద పలికిన మాట, అమ్మ లేకుండా, నా ముందరి గదిలో.  నేను "ఆఁ" అన్నాను, పైకే. మూర్తి నా వైపు చూశాడు.

దాని తర్వాత ఖాళీ. కాకులు, ఎవరిదో దగ్గు, గిన్నె దేనికో తగిలిన చప్పుడు. నా జవాబు లేదు. కాసేపటికి శోకం మళ్ళీ మొదలు, అదే తిట్టు దగ్గర్నుంచి.

"గీ ముక్క తీసేసిన" అన్నాడు. "సీన్ పడిపోతాందత్తా. గంతసేపు తిట్టి, చాయ్ పొయ్యిమంటె జనం నవ్వుతరు."

రచన గురించి నేను రాసిందే నిజమైంది. దాని మీద సంతోషం రాలేదు.

మే 21

పోశానా?

పాడె తాడు గుర్తుంది. ఈగలు గుర్తున్నాయి. గడప దగ్గర చెప్పులను ఎవరో కాలితో పక్కకు జరపడం, నేను వాళ్ళ మీద అరవడం గుర్తుంది. చాయ్ గుర్తులేదు. అమ్మ పిలవడమే గుర్తులేదు.

మూర్తి రికార్డు నా ఫోన్‌లోకి పంపి పోయాడు. అడిగినట్టుగా అమ్మ గొంతు నాదయింది. ఇప్పుడు అది నన్నే పిలుస్తోంది. కాలేజీ పేపర్లు దిద్దుతుంటే, అన్నం వారుస్తుంటే... శోభా, దానికి జర చాయ్ పొయ్యే. వస్తున్న వస్తున్న అంటూ లేచి నిలబడ్డాను ఇవ్వాళ వంటింట్లో. ఎవరికని పోయను?

మే 23

మూర్తితో ఫోన్. ఆ ముక్క సినిమాలో పెట్టరా అన్నాను. అది లేకపోతే మీ అవ్వ వట్టి గయ్యాళి.

"పెడితె అవ్వ చెడ్డది గాదత్తా."

"కాదు కదా మరి!"

"అవ్వ చెడ్డది గాకుంటె మా అమ్మ ఎందుకు ఎల్లొచ్చినట్టు? పదేండ్లు గా కోపం మీదనే బతికింది ఆమె. కూలికి పోయి, మిషిన్ కుట్టి, నన్ను గా కోపంతోనే సదివిచ్చింది. ఇప్పుడు నేను పోయి, అవ్వ నీ ఆకలి సంగతి అడిగిందే అంటె... ఆమెకు ఇంకేం మిగుల్తది?"

కథకు నిజం కావాలి రా అన్నాను. అన్నాక నాకే సిగ్గేసింది. క్లాసులో చెప్పే మాట అది.

"వదినను ఒక్కటి అడుగు" అన్నాను చివరికి. "ఆ రోజు చాయ్ తాగిందా అని. తాగితే ఎవరు పోశారో."

మే 24

వాడి ఫోన్ రాలేదు.

మే 25, ఆదివారం

వచ్చింది. సినిమా కోసం అడుగుతున్నట్టు అడిగాడట; చాయ్ ఎవరిచ్చారో వాడూ చూడలేదు, అప్పుడు బాపు కాళ్ళ దగ్గర తల వంచుకుని ఉన్నాడట. వదిన మాట వదిన గొంతుతోనే చెప్పాడు, వాడిలో నటుడు కూడా ఉన్నాడు.

"తాగిన. గొంతు ఎండుకపోయి ఉండె. ఎవలిచ్చిన్రో తల ఎత్తి సూడలే. చెయ్యొక్కటే కనబడ్డది. ఉత్త చెయ్యి, గాజుల్లేవ్. ఎవలో ముసలామె ఉంటది పాపం. గా వాకిట్ల నన్ను మనిషిని జూసినట్టు జూసింది గామె ఒక్కతే."

ఫోన్ పెట్టేసి చేతులు చూసుకున్నాను. ఎర్రగాజులు. పెళ్ళయిన నాటి నుంచి ఈ చేతులు ఉత్తగా ఉన్నది లేదు.

నేను పోయలేదు.

మే 26

బస్సెక్కి ఊరికి పోయాను. మహబూబ్ బీ మంచంలో ఉంది, చూపు తగ్గింది. నా చెయ్యి తడిమి "శోభవా బిడ్డా" అంది. ఆమె చేతినిండా గాజులు, ఇప్పటికీ.

కేతిలి సంగతి అడిగాను. "నేనే తెచ్చిన. గడప కాడ పెట్టి పోయిన, గిలాసలు గూడ. లోపలికి రాలే బిడ్డా, మీ అమ్మ ఏడుపు జూడ నాతోని కాలే. ఎందుకడుగుతున్నవ్?"

"ఊరికెనే."

"మీ అమ్మ నోరు గంతే గని, చెయ్యి మంచిది" అంది. అడగకుండానే అంది.

మా ఇంటి మీదుగా వచ్చాను. కిరాయికున్నవాళ్ళు వాకిట్లో మిరపకాయలు ఎండబెట్టారు. అన్నను పడుకోబెట్టిన జాగాలో.

మే 27

ఆ ఖాళీని ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. గిన్నె చప్పుడు కోసం కాదు ఈసారి.

"ఏం తినలే అది" తర్వాత కొంతసేపు ఈల దగ్గరే ఉంది. ఎదురుచూస్తున్నట్టు. తర్వాత దూరమైంది. గడప దాకా. గిన్నె చప్పుడు. ఈల ఇంకా దూరం, మూల వైపు. అక్కడ ఆగింది. మెల్లగా మళ్ళీ దగ్గరికి వచ్చింది. కూర్చుంటున్నప్పటి మూలుగు. ఊపిరి లాగి — "పో పో అని తోలిచ్చె కొడుకా..."

నాయిన పోయినప్పుడు నేను ఇంకా స్కూల్లో చదువుతున్నాను. అప్పటి నుంచి అమ్మవి ఉత్త చేతులే.

నేను లేవలేదని ఆమే లేచింది. కొడుకు శవం దగ్గర నుంచి లేచి, పోసి, ఇచ్చి, వచ్చి, మళ్ళీ తిట్టింది. ఓయమ్మా... ఏం మనిషివే నువ్వు.

మే 28

సార్ ఫోన్. ఏడో నంబరుకు ఉత్తమ నటి ఇచ్చారట, కోడలికి. "నువ్వన్నది నిజమే శోభమ్మా. ఇంట్ల కూసొని జూసిన, కూసునుడు నాతోని కాలే." రచనకు ఏమీ ఇవ్వలేదు. జూన్ రెండున, రాష్ట్రం వచ్చిన రోజు, సాయంత్రం హాల్లో ఆ సినిమానే వేస్తారు. తీసినవాళ్ళను ఇంటివాళ్ళతో రమ్మన్నారు.

మే 30

మూర్తికి చెప్పాను. ఈల దూరం పోవడం, దగ్గరికి రావడం. గాజుల్లేని చెయ్యి. చెప్పడం అయ్యాక "హలో" అన్నాను. ఉన్నాడు. ఊపిరి వినబడుతోంది. తర్వాత పెట్టేశాడు.

వదినకు నేనే చెప్పాలా? ఏ మొఖంతో? ఏ హక్కుతో? ఆమె వాకిట్లో ఒక్క మనిషి మంచిదని నమ్ముకుని బతికింది. తిట్టినదీ, పోసినదీ ఒకే మనిషి అని చెబితే, నేను ఆమెకు ఒకటి ఇచ్చినట్టా, ఒకటి గుంజుకున్నట్టా?

చెప్పకపోతే అమ్మ ఊరుకునేలా లేదు. ఇంట్లో పంపు దగ్గర, మెట్ల మీద, ఎక్కడ చూసినా ఆ ఈల.

జూన్ 1

మూర్తి మెసేజ్. "పెట్టిన అత్తా. చాయ్ మాట, తర్వాతి ఖాళీ, మొత్తం. కెమెరా కోడలి మీదనే ఉంది గద, పెదవులు కలుస్తలేవన్న పంచాయితి లేదు. అమ్మకు చెప్పలే. అమ్మ వస్తనన్నది."

జూన్ 2, సోమవారం

పొద్దున జెండాలు, పాటలు, బడిపిల్లల ఊరేగింపు. మధ్యాహ్నం నుంచి ఇల్లు నిశ్శబ్దం. ఈల లేదు ఇవ్వాళ. వెతుక్కున్నాను కూడా.

అన్వర్ భాయ్ ఫోన్ చేశాడు. కొత్త కాపీ వేసి చూశాడట. "మేడమ్, మూడో కథల ఒక జాగాల ఆవాజ్ పోతాంది. జనం స్పీకర్ ఖరాబైందనుకుంటరు. జర మ్యూజిక్ ఎయ్యమందునా?"

వద్దు భాయ్, ఏం కలపొద్దు, వాల్యూమ్ కూడా ముట్టొద్దు అన్నాను. బతిమాలాను.

హాలు నిండా జనం ఉంటారు. స్పీకర్ పోయిందని ఈలలు వేస్తారేమో. ఆ ఖాళీ ఏమిటో తెలియాల్సింది ఒక్క మనిషికే. తెలుస్తుందా? తల ఎత్తకుండా ఒక చెయ్యి చూసిన మనిషి, ఆ చెయ్యి వెనకాల ఊపిరి కూడా విని ఉంటుందా?

సార్‌తో చెప్పి వదిన పక్క సీటు నాకు ఉంచమన్నాను. పదేళ్ళ తర్వాత చూడబోతున్నాను. లేచి వేరే వరుసకు పోతే పోనీ. ఫ్లాస్కులో చాయ్ పోసుకున్నాను, రెండు స్టీలు గ్లాసులు సంచిలో పెట్టాను. ఈయన చూసి "హాల్ల అమ్ముతరు గదనే" అన్నాడు. ఉండనియ్యి అన్నాను.

శోకానికి జవాబు చెప్పకూడదంటారు మా వైపు. చాయ్‌కి చెప్పొచ్చో లేదో ఎవరూ చెప్పలేదు.

ఆటో వచ్చింది.